బరువైన టైల్స్ విదేశాల నుంచి తెప్పించుకుంటే రవాణా ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

మీరు అడిగింది ఇదీ: ఒంగోలులో కొత్తగా టైల్స్ షాపు పెట్టారు. చైనా నుంచి రెండు బై నాలుగు అడుగుల టైల్స్ తెప్పించాలని ఉంది. సరుకు ధర బాగానే ఉన్నా షిప్పింగ్, పోర్టు ఖర్చులు, చెన్నై నుంచి లారీ కిరాయి కలిపితే గుజరాత్‌లోని మోర్బీ సరుకును మించిపోతోంది. అందుకే ముందు ఒక నాలుగు టన్నులు ఎల్‌సీఎల్‌లో తెప్పించి చూద్దామా అంటున్నారు.

నెల్లూరులో చాలా ఏళ్లుగా టైల్స్, మార్బుల్ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ఎల్‌సీఎల్ వద్దంటాను. పది మంది సరుకు ఒకే కంటైనర్లో వేసే ఆ పద్ధతిలో కిరాయి ఘనపు మీటరుకు, లేదా టన్నుకు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది కడతాం. బట్టలు, ప్లాస్టిక్ సామాన్లు తెచ్చేవాళ్లకు అది లాభం. టైల్స్ నాలుగు టన్నులు పాలెట్లతో సహా రెండున్నర ఘనపు మీటర్లు కూడా పట్టవు, బిల్లు మాత్రం నాలుగు టన్నుల లెక్కన వస్తుంది. దిగాక గోడౌన్‌లో విడదీసే చార్జీలు వేరే. శాంపిల్ చూడాలంటే డిజైనుకి ఒకటి రెండు ముక్కలు కొరియర్‌లో తెప్పించుకోండి, చాలు.

ఫుల్ కంటైనర్ అనగానే చాలామంది నలభై అడుగులది అడుగుతారు. అదీ వద్దు. కంటైనర్ తలుపు మీద మూడు నాలుగు వరసల్లో అంకెలు రాసి ఉంటాయి, ఎప్పుడైనా దగ్గరికెళ్లి చదవండి. ఇరవై అడుగుల కంటైనర్లలో చాలావాటికి మొత్తం బరువు 30,480 కిలోలు, ఖాళీ బరువు 2,200 పైచిలుకు ఉంటుంది. అంటే సుమారు 28 టన్నుల సరుకు మోస్తుంది. నలభై అడుగులది కిరాయి ఎక్కువ, తన బరువే ఎక్కువ, మోసేది మాత్రం ఇంచుమించు ఇంతే. 9 మిల్లీమీటర్ల రెండు బై నాలుగు టైల్స్ పెట్టెలో రెండు ఉంటాయి. పదిహేనున్నర చదరపు అడుగులు వచ్చే ఆ పెట్టె దాదాపు 29, 30 కిలోలు తూగుతుంది. 26 టన్నులు వేసుకుంటే 880 పెట్టెలు, అంటే 13,600 చదరపు అడుగులు. ఇంతా చేసి ఇరవై అడుగుల కంటైనర్ 33 ఘనపు మీటర్లలో మూడో వంతు చోటే నిండుతుంది, పైనంతా ఖాళీ. మన సరుకుకి చోటు కాదు, బరువే లెక్క.

అందుకని కంటైనర్ మొత్తం ఖర్చు ఎంత అని కాకుండా చదరపు అడుగుకి ఎంత పడింది అని చూడండి. మాట వరసకి సముద్ర కిరాయి, పోర్టు, ట్రైలర్ అన్నీ కలిపి మూడు లక్షలు అనుకుందాం. నిండుగా తెస్తే అడుగుకి 22 రూపాయలు, సగం బరువుతో తెస్తే 44. సముద్ర కిరాయిలో ఎంత బేరమాడినా ఇంత తేడా రాదు. అయితే 28 టన్నులకూ ఒప్పుకోని షిప్పింగ్ లైన్లున్నాయి, బరువు దాటితే సర్‌చార్జీ వేసేవీ ఉన్నాయి. రోడ్డు మీద ట్రైలర్‌కీ పరిమితి ఉంటుంది. ఆర్డరు ఇచ్చే ముందే ఈ మూడూ అడిగి, వాటిలో తక్కువ దానికి సరిపడా పెట్టెలు చెప్పండి. 2016 జూలై నుంచి తూకం ధ్రువీకరించకుండా కంటైనర్ ఓడెక్కదు, కాబట్టి పైపైన చెప్పిన బరువులు నడవవు.

అంత సరుకు ఒక్క షాపు లాగలేదంటే కావలి, కందుకూరు, ఒంగోలు షాపులు ఇద్దరు ముగ్గురు కలవండి. ఒకరి ఐఈసీ (దిగుమతి, ఎగుమతి కోడ్) మీద, ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీతో (కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం) తెప్పించి, మిగతావాళ్లకు జీఎస్టీ బిల్లు కొట్టి ఇచ్చేయొచ్చు. పగిలిన పెట్టెలు ఎవరి వాటాలో పోతాయో మాత్రం డబ్బు కట్టకముందే కాగితం మీద రాసుకోండి. స్నేహాలు చెడేది అక్కడే.

ఇక సప్లయర్ ఇచ్చే సీఐఎఫ్ ధర. కిరాయి, ఇన్సూరెన్స్ అన్నీ వాళ్లే చూసుకుంటారు కదా అనిపిస్తుంది, సముద్ర కిరాయి కూడా చాలా తక్కువగా కనిపిస్తుంది. కానీ ఫార్వర్డర్, అంటే రవాణా బుక్ చేసే ఏజెంటు, వాళ్ల మనిషి. ఆ తగ్గించిందంతా చెన్నైలో డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చీటీ) ఇచ్చేటప్పుడు రకరకాల పేర్లతో మన దగ్గర వసూలవుతుంది, అప్పటికి సరుకు వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి మనం మాట్లాడలేం. ఎఫ్‌ఓబీ ధర (అక్కడ ఓడెక్కించే దాకా మాత్రమే లెక్కేసిన ధర) తీసుకుని, చెన్నైలో మీకు తెలిసిన ఫార్వర్డర్‌తో బుక్ చేయించండి. డెస్టినేషన్ చార్జీలన్నీ ఒక్కొక్కటిగా ముందే మెయిల్లో రాయించుకోండి. ఇంకో మాట: కస్టమ్స్ సుంకం కట్టేది సరుకు ధర మీదే కాదు, దానికి కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద. కిరాయి తగ్గితే సుంకమూ తగ్గుతుంది. అసలు కిరాయి ఎంతో తేలే కాగితం లేకపోతే ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతాన్ని కిరాయిగా కట్టేస్తారు, అసలు కిరాయి అంతకంటే తక్కువైన వాళ్లు ఊరికే నష్టపోతారు. కాబట్టి ఫ్రైట్ ఇన్‌వాయిస్ భద్రంగా పెట్టుకోండి.

కృష్ణపట్నం రేవు మన పక్కనే ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. బొగ్గు లాంటి బల్క్ సరుకుకి అది పెద్ద రేవే. కంటైనర్ల విషయానికొస్తే మేమంతా చూసేది చెన్నై, కాటుపల్లి వైపే.

రేవులో దిగాక రోజులే డబ్బు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ వచ్చే రోజుకి ముందు రోజులోగా వేసెయ్యాలి, నెల ముందు నుంచే వేసుకునే వీలుంది. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 రూపాయలు. ఇది కాక కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైతే షిప్పింగ్ లైన్ వాళ్లు వేసే డిటెన్షన్, సీఎఫ్‌ఎస్‌లో (రేవు బయట కంటైనర్లు ఉంచే యార్డు) గ్రౌండ్ రెంట్ విడివిడిగా నడుస్తుంటాయి. బుకింగ్ అప్పుడే 14 ఫ్రీ డేస్ (డిటెన్షన్ పడని రోజులు) కావాలని గట్టిగా అడగండి, అప్పుడైతే ఇస్తారు, సరుకు వచ్చాక అడిగితే ఎవరూ వినరు. లోడింగ్ ఫోటోలు పంపమన్నప్పుడు పాలెట్ కర్రలను దగ్గరగా తీయించండి. వేడి చేసిన కర్ర అని గోధుమ కంకి బొమ్మతో కాల్చిన ముద్ర ప్రతి పాలెట్ మీద కనబడాలి. తెలిసిన వ్యాపారి ఒకాయన సరుకు ఆ ముద్ర లేకనే ఆగిపోయింది. పగిలిన పెట్టె ఒక్కటీ లేదు, కాగితాల్లో తప్పు లేదు, అయినా క్వారంటైన్ క్లియరెన్స్ కోసం రోజుల తరబడి అద్దె కట్టాడు.

అసలు లాభం మాత్రం చెన్నై నుంచి ఒంగోలు దారిలో ఉంది. దీన్ని మన దగ్గర చాలామంది పట్టించుకోరు. మీరు ట్రైలర్ మాట్లాడితే దాదాపు మూడు వందల కిలోమీటర్లు సరుకుతో వచ్చి, ఖాళీ కంటైనర్‌తో మళ్లీ మూడు వందలు వెనక్కి పోతుంది. రెండు వైపులా డీజిల్ మీ మీదే. అదే సమయంలో చీమకుర్తి, ఒంగోలు ఫ్యాక్టరీల వాళ్లు గెలాక్సీ గ్రానైట్ స్లాబులు నింపుకోవడానికి ఇరవై అడుగుల ఖాళీ కంటైనర్లను చెన్నై నుంచి తెప్పించుకుంటున్నారు. వాళ్లదీ బరువు సరుకే, వాళ్లకు కావలసిందీ సరిగ్గా మీ గోడౌన్ ముందు ఖాళీ అయ్యే కంటైనరే! మీ సరుకు వచ్చిన షిప్పింగ్ లైన్‌లోనే ఎగుమతి బుకింగ్ ఉన్న గ్రానైట్ ఫ్యాక్టరీని పట్టుకోండి. లైన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే, మీరు దింపుకున్న కంటైనర్ నేరుగా చీమకుర్తి వెళ్లి స్లాబులు నింపుకుని చెన్నైకి పోతుంది. ట్రైలర్ కిరాయి ఇద్దరూ పంచుకోవడమే. మాకు ఇది కుదిరినప్పుడల్లా రోడ్డు ఖర్చులో సగానికి దగ్గరగా మిగిలింది. ప్రతిసారీ కుదరదు. లైన్ ఒకటి కావాలి, తేదీలు కలవాలి, కంటైనర్ అడుగు చెక్క దెబ్బ తినకుండా ఉండాలి. అందుకే చైనా నుంచి బుక్ చేయించేటప్పుడే, ఒంగోలు ఎక్స్‌పోర్టర్లు ఎక్కువగా వాడే లైన్ ఏదో కనుక్కుని దాన్నే అడగండి. కిరాయి కొంచెం ఎక్కువైనా నాకైతే ఇదే మేలనిపిస్తుంది.

అది కుదరకపోతే సీఎఫ్‌ఎస్‌లోనే కంటైనర్ ఖాళీ చేయించి, పాలెట్లను రిటర్న్ లారీలో వేయండి. గ్రానైట్ దిమ్మెలు చెన్నైలో దించేసి ఉత్తరానికి వచ్చే బండ్లు ఎప్పుడూ ఉంటాయి. అలాంటి డ్రైవర్ ఒకతను బేరం దగ్గర నాతో అన్నమాట: "ఎట్టాగూ ఖాళీగానే పోతా ఉండా గదన్నా, డీజిల్ డబ్బులొస్తే చాల్లే." బేరం మీకు అనుకూలంగా ఉంటుంది, అయితే సరుకు రెండుసార్లు ఎత్తి దించుతారు కాబట్టి పగుళ్లు కొంచెం ఎక్కువ. పాలెట్లకు బెల్టులు గట్టిగా బిగించారో లేదో మీ మనిషి దగ్గరుండి చూడాలి. ఇన్సూరెన్స్ రేవు దాకా కాకుండా మీ గోడౌన్ దాకా తీసుకోండి. ఈ-వే బిల్లు లేకుండా బండి కదలనీయొద్దు.

మార్బుల్ స్లాబులు తెప్పించే ఆలోచన ఉంటే మందం చూసుకోండి. 18 మిల్లీమీటర్లది చదరపు అడుగు నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది, 16 అయితే నాలుగు కిలోలు. అదే బరువులో ఎనిమిదో వంతు ఎక్కువ అడుగులొస్తాయి. దించడానికి మామూలు హమాలీలు చాలరు, గ్యాంట్రీ ఉన్న గ్రానైట్ యార్డు ముందే మాట్లాడుకోవాలి.

మీరు రాసిన ధరలు చూస్తే, మామూలు గ్లాసీ డిజైన్లను చైనా నుంచి తేవడం నాకు సమ్మతంగా లేదు. అవి మోర్బీలో దొరుకుతాయి, అక్కడి నుంచి సముద్రం మీద కూడా దక్షిణానికి వస్తున్నాయి, సుంకం బెడద లేదు. మోర్బీలో దొరకని పెద్ద సైజులు, అడుగుకి మంచి మార్జిన్ ఉన్నవి మాత్రమే కంటైనర్‌లో పెట్టండి. మీ సప్లయర్ ప్యాకింగ్ లిస్టులో పెట్టె బరువు, పాలెట్‌కి ఎన్ని పెట్టెలు, ఎఫ్‌ఓబీ ధర ఎంత అన్నవి ఇక్కడ రాయండి, ఒంగోలు గోడౌన్‌లో దిగేసరికి అడుగు ఎంతకి పడుతుందో లెక్కేసి చెబుతాను.