అది జత కట్టడం కాదు, మగపాముల కుస్తీ

ప్రశ్న: సంక్రాంతి తర్వాత మా వరి గట్టు మీద రెండు లావు పాములు పెనవేసుకొని, తలలు పైకెత్తి అరగంట సేపు ఆడాయి. ఒంటి మీద గొలుసు లాంటి మచ్చలు, ఒకటే బుస. జత కట్టాయని మా అమ్మ కొత్త కండువా వేయబోయింది. గుడ్లు పెట్టకముందే చల్లమని డీలరు ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు ఇచ్చాడు. ఎకరానికి ఎన్ని కిలోలు వేయాలి?
– ఒక రైతు, హాలియా, నల్లగొండ జిల్లా

జవాబు: ఒక్క గుళిక కూడా వేయొద్దు.

గొలుసు మచ్చలు, బుస చూస్తే అవి రక్తపింజరలే. తలెత్తి పెనుగులాడాయంటే రెండూ మగవే అయ్యుంటాయి. ఆడపాము కోసం ఒకదాని తలను ఇంకొకటి నేలకు అదిమే పోటీ అది. సాధారణంగా కాటు వేసుకోవు, ఓడింది వెళ్లిపోతుంది. కాబట్టి ఆడది చుట్టుపక్కలే ఉండొచ్చు, గట్టు మీద జాగ్రత్త. ఇక గుడ్ల సంగతి. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అదీ ఎక్కువగా ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో. కండువా వేయడానికి దగ్గరికి పోవద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. అవి మనల్ని కరవడానికి వెనకాడవు.

ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. అయినా పాముల మందని అంటగడుతున్నారు! పాము గుళికలు ఏరుకొని తినదు. తినేవి కోళ్లు, పిట్టలు. ఇప్పటికే చల్లి ఉంటే ఆ గట్టు గడ్డి కోసి గేదెలకు వేయకండి.

పాములు వచ్చేది ఎలుకల కోసం. గట్లు సన్నగా చెక్కి, గడ్డి తీసేయండి. సాయంత్రం బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టండి. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె, 20 గ్రాముల ఎలుకల మందు (బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి) చేతి తొడుగులతో కలిపి, బొరియకు 15 గ్రాముల పొట్లం లోపలికి తోయండి. వరి పొట్టకు రాకముందే, పక్క రైతులతో కలిసి ఒకేసారి చేయాలి. మీరొక్కరే పెడితే వాళ్ల ఎలుకలు మీ చేలోకి వస్తాయి. చచ్చిన వాటిని ఏరి పాతిపెట్టండి, లేకుంటే గుడ్లగూబలు తిని చస్తాయి.

రాత్రి నీళ్లు కట్టడానికి బూట్లు, టార్చి, కర్ర లేకుండా పోవద్దు. కాటు పడితే తాడుతో బిగించొద్దు, కోయొద్దు, మంత్రం దగ్గర ఆగొద్దు. కాలు కదపనీయకుండా 108లో సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి. అక్కడ రక్తం గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచి గడ్డ కడుతుందో లేదో చూస్తారు. విరుగుడు మందు మొదటి డోసు పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే. గేదెకు కాటు పడితే మాత్రం పశువైద్యుడిని వెంటనే పిలవండి.