దేవుడు ఉన్నాడా లేడా తేల్చుకోడానికి బీటెక్ మానేస్తా అంటున్నాడు, ఏం చెయ్యాలి?

ఖమ్మం నుంచి ఒక తండ్రిగారు అడిగారు. వాళ్లబ్బాయి బీటెక్ థర్డ్ ఇయర్, ఆర్నెల్లుగా దేవుడు ఉన్నాడా లేడా అన్నదే గోలంట, గుడికి రానంటున్నాడు, ఇప్పుడు బీటెక్ ఆపేసి ఫిలాసఫీ చదువుతా అంటున్నాడు, వాడి బుర్ర ఎవరో పాడు చేశారు సార్ అని.

సార్, మీరు రెండు భయాలు కలిపేశారు. గుడికి రాకపోవడం కెరీర్ ప్రాబ్లం కాదు, అది మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది. అయినా ఈ ప్రశ్న బయట నుంచి వచ్చిందేం కాదు. కుండకి కుమ్మరి ఉన్నట్టే లోకానికీ కర్త ఉండాలి అని న్యాయ శాస్త్రం వాళ్లు (లా కాదు, మన పాత తర్కశాస్త్రం) వాదించారు, వాళ్లలో ఉదయనుడు దీనికోసం న్యాయకుసుమాంజలి అని ఏకంగా గ్రంథమే రాశాడు, ఇటు చూస్తే వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకుడు కుమారిల భట్టు సృష్టికర్త అక్కర్లేదు పొమ్మన్నాడు. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం మీకూ తెలిసే ఉంటుంది, ఆయన కూడా బోటనీ చదివి కాలేజీలో పాఠాలు చెప్పినాయనే.

ఇక బాబుకి చెప్పాల్సింది. ఫిలాసఫీ ఎంఏలో చేరితే దేవుడు ఉన్నాడో లేడో ఎవరూ తేల్చి చెప్పరు నాన్నా. ఆన్సెల్మ్ అనే పాతకాలం క్రైస్తవ పండితుడు దేవుడు ఉన్నాడని ఒక వాదం పెడితే అది ఎందుకు నిలబడదో జర్మన్ ఫిలాసఫర్ కాంట్ ఏం రాశాడు, దానికి తర్వాతోళ్లు ఏమన్నారు, ఇలా పేజీలకి పేజీలు చదివి నీకు నచ్చని వైపు కూడా గట్టిగా వాదించి రాయాలి. అది ఎంజాయ్ చేస్తావంటే నీకు సరిపోయే సబ్జెక్టే, జవాబు మాత్రమే కావాలంటే రెండో సెమిస్టర్‌కే విసుగొస్తుంది. ముందు ఉదయనుడి వాదం ఒక పేజీ, దాని మీద అభ్యంతరాలు ఒక పేజీ రాసి చూడు, యూట్యూబ్ డిబేట్లు చూడటం వేరు ఇది వేరు.

బీటెక్ మాత్రం ఆపొద్దు, అసలు ఆపాల్సిన పనే లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫిలాసఫీకి ఏ డిగ్రీ వాళ్లైనా సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాసి వెళ్లొచ్చు, ఆంధ్రా యూనివర్సిటీలో కూడా డిపార్ట్‌మెంట్ ఉంది. ఎంఏ తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసి అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీకి నెలకి 37,000 ఫెలోషిప్ వస్తుంది, కానీ దాచకుండా చెప్తున్నా, మన డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ చెప్పేవే తక్కువ, లెక్చరర్ పోస్ట్ కోసం ఏళ్లు వెయిట్ చెయ్యాల్సి రావొచ్చు.

ఇంకోటి, సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ ఉంది, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, రెండో పేపర్ సిలబస్‌లో దేవుడి ఉనికికి రుజువులు, వాటి మీద విమర్శ అని అచ్చంగా మీవాడి ప్రశ్నే ఉంటుంది. సిలబస్ చిన్నదని ఇంజనీరింగ్ పిల్లలు కూడా తీసుకుంటుంటారు. అలాగని సివిల్స్ అంటేనే ఒప్పుకుంటాం అని మాత్రం బేరం పెట్టకండి, వాడికి ఆ ఇంట్రెస్ట్ ఉందో లేదో మీ లెటర్‌లో ఎక్కడా లేదు.

ఇప్పటికైతే బ్యాక్‌లాగ్స్ ఏమైనా ఉంటే క్లియర్ చేసుకోమనండి, ఫోర్త్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్స్‌కి కూర్చుంటూనే సీయూఈటీ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచితే చాలు, అప్పటికీ ఈ ఇష్టం ఇలాగే ఉంటే అప్లై చేయనివ్వండి.