సైజా, పరిమాణమా, 'కావలసినంత'నా?

ప్రశ్న: క్యూటీతో (Qt, కిటికీలు, బటన్లు ఉండే ప్రోగ్రాములు రాయడానికి వాడే సాధనం) రాసిన ఒక అప్లికేషన్‌కు మా బృందం తెలుగు మెనూలు, సహాయ పుటలు తయారుచేస్తోంది. విండో సైజును 'పరిమాణం' అన్నాను. అది ఘనపరిమాణానికే చెల్లుతుంది, 'కొలత' అనాలి అంటాడు ఒక మిత్రుడు. సైజు మారినప్పుడు 'పునఃపరిమాణీకరించబడినది' అని రాశారు ఇంకొకరు. 'సైజ్ హింట్'కు మాటే దొరకలేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం నిలవదు. వైశేషికులు (పదార్థాల లక్షణాలను విచారించిన ప్రాచీన దర్శనం వారు) అణు, మహత్, దీర్ఘ, హ్రస్వాలు నాలుగింటినీ పరిమాణమే అన్నారు. కాబట్టి పొడవు వెడల్పులకు ఆ మాట నిక్షేపంగా చెల్లుతుంది. కొలత కూడా తప్పు కాదు. 'పరిణామం' అని మాత్రం రాయకండి. అది మార్పు, వేరే ధాతువు. పత్రికల్లోనూ ఈ పొరపాటు కనబడుతూనే ఉంది. ఇక ఆ 'పునఃపరిమాణీకరించబడినది' రాసినవారిని ఒకసారి దాన్ని పైకి చదవమనండి. 'సైజు మారింది' అంటే అర్థం కానివాళ్లు ఉన్నారా?

అసలు రుచి సైజ్ హింట్ దగ్గరుంది. తెలుగువాడికి సైజు చెప్పడానికి అంకె అక్కర్లేదు, 'అంత' ఉంటే చాలు. త్రికంలోంచి (ఆ, ఈ, ఏ) పుట్టిన ఇంత, అంత, ఎంతల్లో ఈ 'అంత' పేరు పక్కన చేరిందంటే కొలబద్ద అయిపోతుంది: కొండంత, తాడిచెట్టంత, గోరంత. దీని సత్తా పూర్తిగా తెలిసినవాడు పోతన. వామనుడు పెరగడం చూడండి:

ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై...

మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు, సత్యలోకం. ఇన్ని మజిలీల్లో ఒక్క అంకె లేదు. తరవాతి పద్యం ఇంకా గడుసుది. అందులో పెరుగుతున్నవాణ్ణి చూపనే చూపడు, సూర్యుణ్ణి చూపిస్తాడు. ఆ బింబం మొదట గొడుగు, తరవాత శిరోరత్నం, చెవి కమ్మ, కంఠాభరణం, కేయూరం, కంకణం, మొలగంట, అందె, చివరకు పాదపీఠం. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, ఉన్నంతే ఉన్నాడు. మారింది పక్కవాడితో పొత్తు.

క్యూటీలో లేఅవుట్, అంటే విండోలోని భాగాలకు చోటు పంచే అమరిక, నడిచేదీ ఈ పొత్తు మీదే. బటన్ తన మీది అక్షరాలకూ అంచులకూ ఎంత చోటు కావాలో లెక్కగట్టి చెబుతుంది. అదే సైజ్ హింట్. అది కోరిక మాత్రమే, శాసనం కాదు. లేఅవుట్ అందరి కోరికలూ విని, వాళ్ల సైజ్ పాలసీలు (ఎవరు ఎటు సాగవచ్చో చెప్పే నియమాలు) చూసి, ఉన్న చోటు పంచుతుంది. విండోను లాగితే ఒక్క వరుస రాసుకునే పెట్టె అడ్డంగా సాగుతుంది, నిలువుగా సాగదు. పెద్ద రాతపెట్టె రెండు వైపులా సాగుతుంది. పెరుగుదలకు హద్దు కూడా ఉంది: మనం వేరే చెప్పకపోతే విడ్జెట్ (బటన్, పెట్టె లాంటి ఏ భాగమైనా) గరిష్ఠ పరిమాణం అటూ ఇటూ 1,67,77,215 పిక్సెళ్లు. వటుడికి బ్రహ్మాండం దొరికింది, దీనికి ఇంతే!

అందుకే సైజ్ హింట్‌కు 'కావలసినంత', కనిష్ఠానికి 'కనీసం ఇంత', చోటుంటే సాగే పాలసీ అయిన ఎక్స్‌పాండింగ్‌కు 'దొరికినంత' అనాలని నాకు ఉబలాటం. సహాయ పుటల్లో వాక్యం మధ్య ఇవి హాయిగా ఒదుగుతాయి. పట్టికలో శీర్షికలుగా నిలుస్తాయా అంటే గట్టిగా చెప్పను, అక్కడ 'పరిమాణ సూచన' రాసుకున్నా పోట్లాడను. మెనూలో 'సైజు' ఉంచండి. విండో సైజు అన్నప్పుడు మాత్రం పైపట్టీ, చట్రం కలిపి చెబుతున్నారో విడిచి చెబుతున్నారో రాయండి, క్యూటీలో ఆ రెండు లెక్కలూ వేరు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసి బటన్ ఎత్తును అంకెతో బిగించేసేవాళ్లున్నారు. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. 'రాష్ట్రం' అని రాస్తే ట కింద రావత్తు తెగి పడుతుంది. మీ ప్రోగ్రామర్లకు ముందు ఆ ఒక్క పదాన్ని ఇచ్చి పరీక్షించమనండి.