దేవుడు కనబడనప్పుడు విశ్వాసం ఎలా నిలుస్తుంది?

అప్పులు, ఇంటి ఖర్చులు, రోజూ ఏదో ఒక చికాకు మధ్య ఎంత ప్రార్థించినా జవాబు రావడం లేదని, ఇక ఎలా నమ్మాలని మీరు అడిగారు. నేను కందుకూరు వైపు పొగాకు రైతును, బాప్టిస్టు సంఘస్థుడిని. నా అనుభవంలో తెలిసింది చెబుతాను.

ఒక ఏడాది వేలంలో మా పొగాకు బేళ్లు వరుసగా నోబిడ్ అయ్యాయి, అంటే ఎవరూ ధర పాడలేదు. కొనేవారు బేలులోంచి నాలుగు ఆకులు లాగి, వేళ్లతో నలిపి చూసి, ఒక్క మాటైనా అనకుండా పక్క బేలుకు వెళ్లిపోయాక, వాటినే మళ్లీ ట్రాక్టరుకెత్తించి ఇంటికి తెచ్చుకునేవాడికి ప్రార్థన నోటికి రాదు. ఆదివారం సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు మంచి ధర వచ్చినవారే లేచేవారు. వారి స్తుతి నిజమైనదే కానీ, సాక్ష్యమంటే మేలు జరిగిన సంగతే అయి ఉండాలన్న మన సంఘాల అలవాటు నాకు ఇప్పటికీ నచ్చదు.

ఆ రోజుల్లోనే సంఘంలోని ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చి, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా బైబిల్లోని 88వ కీర్తన చదివారు. 13వ కీర్తన వంటివి మొరతో మొదలై స్తుతితో ముగుస్తాయి గాని, ఇది 18 వచనాలూ మొర పెట్టి చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఆమె కూడా అక్కడే ఆపి, “ఇది గూడా ప్రార్థనే అబ్బయా” అని టీ తాగి వెళ్లిపోయారు. దేవుడు లేడని తేల్చుకున్నవాడు ఆయనతో గొడవ పడడు కదా! అప్పటినుంచి స్తుతి రాని రోజున ఫిర్యాదే చేస్తూ వచ్చాను, కానీ మాట్లాడటం మాత్రం మానలేదు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారని మా వైపు గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు రెండేళ్ల ఘోరమైన కరవు ఉందని, అప్పుడు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని చూపించారని, కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరవు తీరేదాకా బాప్తిస్మాలు ఆపారని చెప్పేవారు తక్కువ. ఆ రెండేళ్లలో వారికి దేవుడు కనిపించి ఉంటే అది మట్టి తవ్విన కూలిలోనే అయి ఉంటుందని నా నమ్మకం.

మీరు కూడా 88వ కీర్తనను పైకి చదవండి, చివర ఏమీ కలపకండి. నిద్ర, ఆకలి వారాల తరబడి పోయి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. మా అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు, ఆ ఏడాది అలా ఎందుకు జరిగిందో నాకు జవాబూ రాలేదు.