పెద్ద ప్రధాన సంఖ్య గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

నీ చిత్తుప్రతి చదివాను. "ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య" అని ఎత్తుకున్నావు. "ఇప్పటిదాకా తెలిసినవాటిలో" అన్న మాట పడాలి, ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ నాడే తేల్చాడు కదా. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ అనే పరిశోధకుడు పట్టుకున్నది 2^136279841 − 1. దానికి ముందున్నదాని గొప్పలు ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్.

అంకెల సంఖ్య 4,10,24,321 అని రాశావు. ఒకటి ఎక్కువ. ఎక్కడ జారావో తెలుస్తూనే ఉంది: 10 ఆధారంగా 2 సంవర్గమానాన్ని (లాగరిథమ్) 0.30103 అని తీసుకున్నావు. దాన్ని ఘాతంతో, అంటే 136279841తో, గుణిస్తే 4,10,24,320.5 వస్తుంది, పూర్ణభాగానికి 1 కలిపితే నీ లెక్కే. 0.3010299957 పెట్టి చూడు, 4,10,24,319.95 వస్తుంది. 1 కలిపితే 4,10,24,320, అదీ సరైన లెక్క. ఘాతం కోట్లలో ఉన్నప్పుడు అయిదు దశాంశ స్థానాలు చాలవు.

ఇక అసలు విషయం. ఇంత పెద్ద సంఖ్య ప్రధానమని ఎలా తెలిసిందో నువ్వు చెప్పనే లేదు. "సూపర్ కంప్యూటర్లు తేల్చాయి" అంటే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ఇలాంటి సంఖ్య ప్రధానమో కాదో తేల్చేది లూకాస్–లెహ్మర్ పరీక్ష; దాన్ని దీని తమ్ముడి మీద చేసి చూపించు. ఘాతం 7, సంఖ్య 127. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగిస్తే మిగిలే శేషం రాయి: 14, 67, 42, 111, 0. ఘాతం కన్నా రెండు తక్కువ అడుగులు, అంటే అయిదు. చివర సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధానం. మొదటి 4ను కూడా అడుగుగా లెక్కపెట్టావో, 111 దగ్గరే ఆగి తప్పు తీర్పు ఇస్తావు. పరీక్ష బేసి ప్రధాన ఘాతాలకే వర్తిస్తుందని కూడా రాయి.

ఘాతం ప్రధానమైతే చాలు సంఖ్యా ప్రధానమే అన్న నీ వాక్యం మాత్రం కొట్టెయ్. 11 ప్రధానమే, కానీ 2^11 − 1 = 2047 = 23 × 89. పరీక్ష చివరిదైన తొమ్మిదో అడుగున సున్నాకు బదులు 1736 మిగులుస్తుంది, కనుక 2047 ప్రధానం కాదు. ఆ 1736ను ఎంత తిప్పి చూసినా 23 గానీ 89 గానీ కనబడవు. నా లెక్కన వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది: ప్రధానం కాదని తెలియడం వేరు, ఎందుకు కాదో కారణాంకాలు చూపడం వేరు. 2^67 − 1 ప్రధానమని 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. కాదని 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ తేల్చాడు, కారణాంకాలు లేకుండానే. 193707721 × 761838257287 అని అమెరికా గణితజ్ఞుడు కోల్ చూపేసరికి 1903 వచ్చింది. ఈ లబ్ధం కాగితం మీద వేసి సరిచూసుకున్నాకే అచ్చుకివ్వు. ఒక్క అంకె తారుమారైనా కనిపెట్టేవాళ్లుంటారు.

చివరి అంకె కూడా నోటిలెక్కే. 2ను 2తో గుణిస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. 136279841ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది, కనుక 2^136279841 విలువ 2తో ముగుస్తుంది, అందులోంచి 1 తీసేసిన మన సంఖ్య 1తో. నీ ప్రతిలో 7 ఉంది, దిద్దు.

ఆశీస్సులతో.