జ్వరమొస్తే పంపు మానేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం, రోజూ స్టెరాయిడ్ పంపు (ఇన్‌హేలర్) పీలుస్తాను. ముసురు పట్టిందంటే చాలు జ్వరం, దగ్గు, ఆ తర్వాత వారాల తరబడి ఆయాసం. ఆ స్టెరాయిడ్ వల్లే ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పోయింది, జ్వరం వచ్చినప్పుడైనా మానెయ్యమని మా అత్తయ్య పోరు. మా తమ్ముడేమో స్వైన్ ఫ్లూలో ఆస్తమావాళ్లే తక్కువ పోయారట, నీకేం టెన్షన్ వద్దంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఆస్పత్రుల్లో చేరినవాళ్లలో చాలామందికి ముందునుంచీ ఆస్తమా ఉంది. అయితే బ్రిటన్‌లో చూస్తే, చేరిన తర్వాత ఐసీయూ దాకా వెళ్లడం, చనిపోవడం ఆస్తమా ఉన్నవాళ్లలో తక్కువే. ఎందుకని ఆరా తీస్తే రెండు కారణాలు కనిపించాయి: ఆయాసం రాగానే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావడం, అప్పటికే స్టెరాయిడ్ పంపు వాడుతూ ఉండడం. అవును, మీ అత్తయ్యగారు మానెయ్యమంటున్న ఆ పంపే!

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు లెండి. స్టెరాయిడ్ మాత్రలు మాటిమాటికీ మింగితే నిజంగానే ఒంటి రక్షణ తగ్గుతుంది. పీల్చే మందు మోతాదు చాలా తక్కువ, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది.

ఫ్లూ వస్తే ఆస్తమా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అసలు తేడా ఎక్కడుందంటే, ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరలోని కణాల్లోకి దూరగానే ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను అప్రమత్తం చేస్తాయి, ఇలాంటి కేకే వేసే మరో రకం కణాలు రక్తంలోనూ ఉంటాయి. అలర్జీతో కూడిన ఆస్తమా ఉన్న కొందరిలో, ముఖ్యంగా అలర్జీలో పెరిగే ఐజీఈ అనే యాంటీబాడీ ఎక్కువగా ఉన్నవాళ్లలో, రక్తంలోని ఆ కణాలకు ఫ్లూ వైరస్ తగిలించి చూస్తే కేక బలహీనంగా వచ్చింది. పైగా అప్పటికే వాచి ఉన్న నాళాలు వైరస్ తగిలితే ఇంకా బిగుసుకుంటాయి, అందుకే జ్వరం తగ్గినా మీకు పిల్లికూతలు వదలవు. విచిత్రమేమిటంటే, అలర్జీ తెప్పించిన ఎలుకలు కొన్ని ప్రయోగాల్లో మామూలు ఎలుకల కంటే ఫ్లూను బాగా తట్టుకున్నాయి, ఇసినోఫిల్స్ అనే కణాల పుణ్యాన. మనిషిలో దాన్ని నమ్ముకుని కూర్చోలేం కదా!

ఫ్లూ టీకాకు మాత్రం మీ ఒళ్లు బాగానే స్పందిస్తుంది, యాంటీబాడీలు తయారవుతాయి. ఏటా వానలు మొదలవకముందే వేయించుకోండి, రక్షణ రావడానికి 2 వారాలు పడుతుంది. సూదిమందే తీసుకోండి, ముక్కులో కొట్టే టీకా మీలాంటివాళ్లకు వద్దు.

ఫ్లూ అనిపిస్తే రోజువారీ పంపు ఆపకండి, ఆయాసానికి వాడే పంపు చేతికి అందేలా ఉంచుకోండి. డాక్టర్ దగ్గరికి తొలి 48 గంటల్లోనే వెళ్లండి, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ఆ లోపు మొదలుపెడితేనే ఎక్కువ లాభం. జనామివిర్ అనే పీల్చే ఫ్లూ మందు మీకు పనికిరాదు, నాళాలు బిగుసుకుపోవచ్చు, కాబట్టి ఆస్తమా ఉందని ముందే చెప్పండి. వాక్యం పూర్తి చేయలేనంత ఎగపోత వచ్చినా, ఆయాసం పంపు కొట్టాక ఉపశమనం 4 గంటలైనా నిలవకపోయినా ఇక ఇంట్లో ఉండొద్దు, తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

టీకాకు వెళ్లేటప్పుడు అత్తయ్యగారినీ వెంటబెట్టుకెళ్లండి, 65 దాటినవాళ్లకూ అది అవసరమే.