బేస్ ఒకటి చేయండి, బ్రాకెట్ మాత్రం వదలకండి

8^(ఎక్స్−1) = 4^(ఎక్స్+1) లాంటి లెక్క చూడగానే మీ పాప టెన్షన్ పడుతోందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని అడిగారు. (పైన చిన్నగా రాసే ఘాతాంకాన్ని ఇక్కడ ^ తర్వాత పెడుతున్నాను. దాని కింద ఉండే సంఖ్యే బేస్.) నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే ట్యూషన్ చెబుతానండి. ఏటా పిల్లలు ఆగిపోయేది ఇక్కడే.

8, 4 వేరువేరుగా కనిపిస్తాయి గానీ రెండూ 2 ఇంటివే. 8 అంటే 2^3, 4 అంటే 2^2. ఘాతం మీద ఘాతం వస్తే గుణించాలి. ఎడమవైపు 2^(3ఎక్స్−3), కుడివైపు 2^(2ఎక్స్+2) అవుతాయి. బేస్ ఒకటైంది కాబట్టి 3ఎక్స్−3 = 2ఎక్స్+2, అంటే ఎక్స్ = 5. సరిచూస్తే 8^4, 4^6 రెండూ 4096.

చిత్తూరులో చదువుకునే రోజుల్లో పరీక్షలో నాకు ఇలాంటి లెక్కే వచ్చింది. తొందరలో బ్రాకెట్ పెట్టకుండా 3ఎక్స్−1 = 2ఎక్స్+1 అని రాసేశాను, జవాబు 2 వచ్చింది. ఒక్కసారి సరిచూసుంటే ఒకవైపు 8, ఇంకోవైపు 64 కనిపించేవి. వచ్చిన లెక్క పోగొట్టుకున్నానే అని ఇంటికొచ్చేదాకా ఏడ్చాను. అందుకే మా పిల్లలు (2^3)^(ఎక్స్−1) అని పూర్తిగా రాశాకే తర్వాతి లైనుకి వెళ్ళనిస్తాను.

ఇంకో పని చేయండి. పాత టీటీడీ క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి 2, 3, 5 ఘాతాలు పాప చేతే రాయించి గోడకి అంటించండి. 2కి 1024 వరకు, 3కి 729 వరకు, 5కి 625 వరకు చాలు. 243 కనబడగానే 3^5 అని నోటికి రావాలి. అది వస్తే సగం లెక్క అయిపోయినట్టే.

"బేస్ కొట్టేయొచ్చా మేడమ్?" అని పిల్లలు అడుగుతుంటారు. అది కొట్టివేత కాదు. ఎక్స్ మారితే 2^ఎక్స్ కూడా మారుతుంది, ఒకే విలువ రెండుసార్లు రాదు. కాబట్టే ఘాతాంకాలు సమానం అనగలుగుతున్నాం. బేస్ 1 అయితే ఈ మాట చెల్లదు. 1^3, 1^7 రెండూ 1 గానీ, 3, 7 ఒకటి కావు కదా.

మధ్యలో ప్లస్ ఉంటే ఆగమనండి. 2^(ఎక్స్+1) + 2^ఎక్స్ = 24లో ముందు 2^ఎక్స్ కామన్ తీయాలి. 2^(ఎక్స్+1) అంటే 2 × 2^ఎక్స్ కాబట్టి 3 × 2^ఎక్స్ = 24, అంటే 2^ఎక్స్ = 8, ఎక్స్ = 3. 2^ఎక్స్ = 5 లాంటిదైతే ఈ పద్ధతి పనికిరాదు, లాగరిథమ్ (ఘాతాంకం ఎంతో కనుక్కునే లెక్క) కావాలి. జవాబు సుమారు 2.32.

ఈ రాత్రికి 9^ఎక్స్ = 1/27 ఇచ్చి చూడండి. −3/2 రావాలి. మైనస్ దగ్గర తడబడితే 1/27 అంటే 3^(−3) అని గుర్తుచేయండి, మిగతాది తనే చేసుకుంటుంది.